రోగి యెవరి పూచీ?

ఆబోతులు కుమ్ములాడుకొనినచో లేగల కాళ్లు విరుగునని మన పెద్దలు చెప్పుదురు. ఆరోగ్య బీమా కంపెనీలకును ప్రైవేటు ఆసుపత్రులకును నడుమ నడచుచున్న తగవులను చూచినపుడెల్ల ఈ సామెత జ్ఞప్తికి రాక మానదు. చికిత్సకు ధర యెంత, చెల్లింపు ఎన్నడు అనునది వారి తగవు. అది తెగని దినములలో కార్డు చేతబట్టుకొని ఆసుపత్రి ద్వారమున నిలుచువాడు రోగి. అతడు వాదియు కాడు, ప్రతివాదియు కాడు. అయినను తీర్పు రాకమునుపే శిక్ష ననుభవించువాడు అతడే.

కొంతకాలము క్రిందట ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయుడొకరు నా కచేరికి వచ్చిరి. పదునొకండు సంవత్సరములుగా ఒక్క వాయిదాయైనను తప్పక ఆయన ప్రీమియము చెల్లించుచున్నారు. భార్యకు గుండె శస్త్రచికిత్స నిశ్చయమైనది, దినము కుదిరినది. రెండు దినములు ముందుగా ఆసుపత్రివారు పిలిచి, "మీ కంపెనీతో మా ఒప్పందము ముగిసినది, సొమ్ము ముందుగా కట్టవలసి యుండును" అని చెప్పిరి. ఆ యిల్లాలి గాజులు బ్యాంకులో తాకట్టునకు పోయినవి. శస్త్రచికిత్స సుఖముగనే ముగిసినది. కంపెనీ వారి సొమ్ము నాలుగు నెలలకు, అదియు కొంత తగ్గి, చేతికి వచ్చినది. "అయ్యా, నా వంతు నేను తప్పలేదు గదా, మరి నా తప్పేమి?" అని ఆయన నన్నడిగిరి. చట్టము చెప్పు సమాధానమును ఆయనకు విన్నవించుటకు, ఇన్నేండ్లుగా నల్లకోటు ధరించినవాడనయ్యు, నాకు సిగ్గు కలిగెను.

ఆ సమాధాన మిది. ఈ వ్యవహారమున మూడు ఒప్పందములు కలవు. మొదటిది పాలసీ, అది కంపెనీకిని పాలసీదారునకును నడుమ నుండునది. రెండవది ఆసుపత్రిలో చేరునపుడు రోగి గాని బంధువులు గాని వ్రాలు చేయు పత్రము. దాని ననుసరించి బిల్లు చెల్లించు బాధ్యత తుదకు వారిదే. మూడవది కంపెనీకిని ఆసుపత్రికిని నడుమ నుండు నెట్‌వర్కు ఒప్పందము. ఏ చికిత్స కెంత ధర, బిల్లు పంపిన పిమ్మట ఎన్ని దినములలో చెల్లింపు, ఏయే పద్దులు కోతకు గురియగును అనునవి యన్నియు ఇందులో నుండును. రోగి దీనిలో కక్షిదారు కాడు. దీని ప్రతి అతని కంట బడదు. ఇది రద్దగునపుడు అతని సమ్మతి నడుగువారు లేరు. ఒప్పందములో కక్షిదారు కానివాడు సాధారణముగా దాని నాధారము చేసికొని దావా వేయజాలడన్నది మన న్యాయస్థానములలో స్థిరపడిన సూత్రము. అయినను మొదటి ఒప్పందమునకు ఆచరణలో ప్రాణము పోయునది ఆ మూడవదియే. పాలసీ కొనునపుడు ఏజెంటు మొట్టమొదట చూపునది ఏమి? నియమావళి కాదు, మన యూర ఏయే ఆసుపత్రులలో కార్డు చెల్లునో చెప్పు జాబితా. ఆ జాబితాను చూచియే జనులు సొమ్ము కట్టుచున్నారు. సొమ్ము సంవత్సరమునకు సరిపడ ముందే తీసికొందురు. జాబితా మాత్రము సంవత్సరము నడుమ మారవచ్చును!

పాలసీ రద్దు కాలేదు గదా, ముందు చెల్లించి పిదప తిరిగి పొందవచ్చును గదా యని కంపెనీలు చెప్పును. మాట నిజమే. నెట్‌వర్కు నుండి ఆసుపత్రి తొలగినంత మాత్రమున పాలసీ హక్కు పోదు. కాని మూడు నాలుగు లక్షలు ఒక్క పూటలో తీయగలవాడే యైన నతడు బీమా నాశ్రయించుట యెందులకు? ఇల్లు కాలుచుండగా "బావి ముందు నీవు త్రవ్వుకొనుము, కూలి డబ్బులు మేము పిదప నిత్తుము" అనుట వంటిది ఈ యోదార్పు. ఇక కీమోథెరపీ సగములో నున్నవాని మాట, వారమునకు రెండు మూడు మారులు డయాలిసిస్ అవసరమైనవాని మాట, నెలలు నిండిన గర్భిణి మాట యేమి? వేరొక ఆసుపత్రికి పొండని వారితో చెప్పుట సులభము. ఢిల్లీలోనో హైదరాబాదులోనో వేరొకటి దొరకవచ్చును. చిన్న పట్టణములలో ఆ వైద్యము తెలిసిన ఆసుపత్రి ఒక్కటే యున్నచో రోగి యెచటికి పోవలయును?

ఇది నేడు పుట్టిన వ్యాధి కాదు. 2010 జులైలో ప్రభుత్వరంగమునకు చెందిన నాలుగు సాధారణ బీమా కంపెనీలు ఢిల్లీ, ముంబయి, బెంగళూరు, చెన్నై నగరములలోని పెక్కు పెద్ద ఆసుపత్రులలో నగదు రహిత సేవను నిలిపివేసినవి. బిల్లులు అధికముగా వేయుచున్నారని వారి యారోపణ. చర్చల మీదట, నిర్ణీత ధరల కొప్పుకొన్న ఆసుపత్రులు తిరిగి జాబితాలో చేరినవి. పదునైదేండ్లు గడచిన పిదప కథ తిరుగబడినది. 2025 ఆగస్టులో ఆసుపత్రుల అఖిలభారత సంఘమైన ఏ.హెచ్.పి.ఐ., బజాజ్ అలియాంజ్ పాలసీదారులకు సెప్టెంబరు 1 నుండి నగదు రహిత సేవ నిలుపవలసినదని ఉత్తర భారతములోని తన సభ్యులకు సూచించెను. బీమా కంపెనీల మండలి దీనిని ఖండించెను. చర్చలు జరిగి ఆ సూచన ఉపసంహరింపబడెను. ఆ ఆగస్టులోనే మాక్స్ ఆసుపత్రులలో నివా బుపా పాలసీదారుల నగదు రహిత సేవ నిలిచెను. నాడు కత్తి కంపెనీ చేత నుండెను, నేడు ఆసుపత్రి చేత నున్నది. మెడ మాత్రము నాడును నేడును రోగిదే.

ఇందులో ఒక పక్షమునే దోషిగా నిలుపుట న్యాయము కాదు. మందులు, పరికరములు, జీతములు ఏటేట పెరుగుచుండగా ఏనాటివో ధరల పట్టీలకే తమ్ము కట్టివేయుచున్నారనియు, చెప్పక చేయక బిల్లులలో కోతలు విధించుచున్నారనియు ఆసుపత్రుల మొర. అది కేవలము కల్పితము కాదు. బీమా కార్డు చూచినంతనే పరీక్షలు పెరుగుననియు, ఒకే చికిత్సకు ఒక్కొక చోట ఒక్కొక ధర యనియు కంపెనీల మొర. అదియు కల్ల కాదు. ఆసుపత్రి యడిగినదెల్ల ఇచ్చినచో ఆ భారము మరుసటేటి ప్రీమియము రూపమున మన తలమీదనే పడును. కావున బేర మాడుట తప్పని మే మనము. రోగిని తాకట్టు పెట్టి బేర మాడుటయే తప్పు. ఇరుపక్షములకును అతని బాధయే ఆయుధమైనది. అతడెంత గట్టిగా కేకవేసిన ఎదుటి పక్షము అంత త్వరగా దిగివచ్చునని ఇద్దరి యాశ.

ప్రభుత్వము పూనుకొన్నచోట నైనను ఈ చిక్కు లేదా యన్నచో, అచటను కలదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదల పాలిటి పెన్నిధియైనది. అట్టి పథకము క్రింద సేవలు 2025 సెప్టెంబరులో తెలంగాణములోను, ఎన్టీఆర్ వైద్య సేవ యను పేర నడచుచుండగా అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లోను ప్రైవేటు ఆసుపత్రులలో నిలిచిపోయినవి. బకాయిలు వేయి కోట్లకు మించినవని రెండు రాష్ట్రములలోను ఆసుపత్రి సంఘముల ఫిర్యాదు. కొంత సొమ్ము విడుదలకు ప్రభుత్వములు ఒప్పుకొనిన పిదప సేవలు మరల మొదలైనవి. ఆ నడుమ దినములలో వెనుదిరిగి పోయినవారి లెక్క యెవరు వ్రాసిరి?

ఇక శాసనము సంగతి. రాజ్యాంగము ఏడవ షెడ్యూలులో బీమా కేంద్ర జాబితాలోను, ఆసుపత్రులు రాష్ట్ర జాబితాలోను ఉన్నవి. ఈ రెండు జాబితాల నడుమ సందులో రోగి పడియున్నాడు. 1999 నాటి చట్టము ననుసరించి ఏర్పడిన బీమా నియంత్రణ సంస్థ మన హైదరాబాదులోనే కలదు. 2024 మే 29న అది మంచి ఉత్తరువొకటి చేసినది: నగదు రహిత చికిత్సకు అనుమతి గంటలోపల, ఇంటికి పంపునపుడు తుది యనుమతి మూడు గంటలలోపల తేల్చవలయును; ఆలసించినందున ఆసుపత్రి అదనముగా వసూలు చేయు సొమ్మును వాటాదారుల నిధి నుండి కంపెనీయే భరింపవలయును. చక్కని నియమము. కాని యిది కంపెనీని కట్టును, ఆసుపత్రిని కట్టదు. ఆసుపత్రి దరఖాస్తునే పంపననినచో ఆ గంట ఎప్పుడు మొదలగును? అదే సంవత్సరము జనవరిలో జాబితాలో లేని ఆసుపత్రులలో సయితము నగదు రహిత సేవ నిచ్చు ఏర్పాటును కంపెనీల మండలి ప్రకటించెను. ఆసుపత్రి సమ్మతింపనిదే అదియు సాగదు.

కావలసిన దేమి? పాలకుల నడుగవలసినవి మూడు కలవు. మొదటిది: ఏ పక్షము ఒప్పందమును విడనాడినను, చికిత్స నడుమ నున్నవారికి, దినము కుదిరిన శస్త్రచికిత్సలకు, గర్భిణులకు పాత షరతులమీదనే సేవ కొనసాగవలయును. ఇది గగనకుసుమము కాదు. అమెరికాలో 2020లో చేయబడి 2022 జనవరి 1 నుండి అమలైన చట్టము ఇట్టి రోగులకు 90 దినముల రక్షణ నిచ్చుచున్నది. వ్యాపార స్వేచ్ఛ వేదమైన ఆ దేశమునకే తోచిన ధర్మము మనకు తోచకుండుట యేల? రెండవది: జాబితా నుండి ఆసుపత్రిని తొలగించునపుడు ఆ ప్రాంతపు పాలసీదారునకు ముందుగా స్వయముగా తెలియజేయవలయును, గోడమీది కాగితము చాలదు. మూడవది: ధరల తగవును గడువులోపల తీర్చుటకు కేంద్ర రాష్ట్రములు కలిసి ఒక మధ్యవర్తి పీఠమును నెలకొల్పవలయును, తీర్పు వచ్చునంతవరకు పాత ధరలతో సేవ నడువవలయును.

ఇష్టము లేని ఒప్పందమున ఎవరిని ఎంతకాలము కట్టివేయుదు రని కొంద రడుగవచ్చును. ఎల్లకాలము కట్టివేయుమని ఎవ రన్నారు? ఇల్లు ఖాళీ చేయించువానికే గడువు నిచ్చు న్యాయము మనది. మంచముమీద నున్నవానికి మూడు నెలల గడువు నిచ్చుట అన్యాయమగునా?

అంతవరకు పాఠకులు చేయదగినదియు కొంత కలదు. నిశ్చయమైన చికిత్సయైనచో 48 గంటలు ముందుగను, అత్యవసరమైనచో చేరిన 48 గంటలలోపలను కంపెనీకి తెలియజేయుడు. సేవ లేదన్న మాటను కాగితముమీద వ్రాసి యిమ్మనుడు. ప్రతి బిల్లును, ప్రతి రసీదును పదిలపరచుడు. కంపెనీ సమాధానము సరిగా లేకున్న, లేక నెల దినములలో రాకున్న, సంవత్సరములోపల బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయింపుడు. 50 లక్షల వరకు విచారించు అధికారము ఆయనకు కలదు, ఫీజు లేదు, న్యాయవాది ప్రమేయము లేదు. మా వృత్తికి ఇందువలన నష్టమే యైనను చెప్పక తప్పదు. రెండు తెలుగు రాష్ట్రములకును ఆ కార్యాలయము హైదరాబాదులో కలదు.

ఆ ఉపాధ్యాయుడు గాజులు విడిపించుకొన్నారు. వడ్డీ మాత్రము ఆయనదే. ఆ వడ్డీ యెవరు చెల్లింపవలసినదో కంపెనీయు చెప్పలేదు, ఆసుపత్రియు చెప్పలేదు, చట్టమును చెప్పలేదు. చెప్పు చట్టము వచ్చువరకు మన శాసనసభ్యులను, పార్లమెంటు సభ్యులను ఈ ప్రశ్న అడుగుచునే యుండవలయును: రోగి యెవరి పూచీ?