ఎండ అందరికీ ఒకటి కాదు

మార్చి సగం గడిచాక ఒంటిపూట బడులు మొదలవుతాయి. మధ్యాహ్న భోజనం పెట్టి, పన్నెండున్నరకు, సరిగ్గా ఎండ మాడు పగలగొట్టే వేళకు పిల్లల్ని ఇంటికి పంపిస్తారు. సర్కారు బడి పిల్లవాడు నడిచి చేరేది రేకుల ఇంటికి. వాళ్లమ్మ అప్పటికింకా మిరప కల్లంలో తాలు కాయలు ఏరుతూ ఉంటుంది. వాతావరణ మార్పు అంటే ఏమిటని వాణ్ని అడగండి. కార్బన్ డయాక్సైడ్, ధ్రువాల మంచు, మొక్కలు నాటాలి అని గడగడా అప్పజెప్తాడు. ఓజోన్ పొరకు చిల్లు పడడమే కారణమనేవాళ్లూ ఉంటారు. అది వేరే సమస్య. అమ్మ కూలి ఊసు మాత్రం ఏ జవాబులోనూ రాదు. తప్పు పిల్లలది కాదు.

పర్యావరణాన్ని తప్పనిసరిగా బోధించాలని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. పాఠాలు వచ్చాయి, జూన్ 5న మొక్క, ఫొటో, ప్రతిజ్ఞ కూడా వచ్చాయి. లైట్లు ఆర్పండి, నీళ్లు పొదుపు చేయండి అంటూ బుద్ధులు చెబుతున్నాం. బిందె నీళ్ల కోసం ట్యాంకరు దగ్గర నిలబడే పిల్లకు పొదుపు పాఠమా? సగటు అమెరికన్ ఏటా వదిలే కార్బన్ డయాక్సైడ్ 14 టన్నుల దాకా ఉంటే, సగటు భారతీయుడిది రెండు టన్నులే. ఆ సగటులోనూ ఏసీ గదుల వాటా, కూలివాడి వాటా ఒకటి కాదు. ఈ లెక్క క్లాసులో చేయించాలి.

2015 వేసవిలో వడగాడ్పులకు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది వృద్ధులు, ఎండలో పనిచేసే కూలీలు. తెలంగాణ 2025లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, మృతుల కుటుంబాలకు 4 లక్షల రూపాయల పరిహారం ప్రకటించింది. అది చేతికందాలంటే మరణం వడదెబ్బ వల్లేనని అధికారులు ధ్రువీకరించాలి. ఆ కాగితం ఎవరిస్తారు, ఇవ్వకపోతే ఎవరిని అడగాలి? పౌరశాస్త్రం అంటే ఇదే. వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందడం పౌరుల హక్కని 2024లో సుప్రీంకోర్టు గుర్తించిన సంగతి ఎంతమంది పదో తరగతి పిల్లలకు తెలుసు?

రెండు రాష్ట్రాల విద్యాశాఖలూ ఈ పాఠాన్ని సైన్సుకే వదిలేయకుండా సాంఘికశాస్త్రానికీ గట్టిగా ముడిపెట్టాలి. ప్రాజెక్టు వర్కు పేరిట చార్టులు అతికించడం మానిపించి, వేసవిలో తమ వీధిలో ఎవరికి ఎన్ని రోజుల పని పోయిందో పిల్లల చేతే రాయించాలి. అన్నిటికంటే ముందు పబ్లిక్ పరీక్ష మారాలి. 'కారణాలు రాయండి' అన్న ప్రశ్న ఉన్నంతకాలం ఎన్ని సర్క్యులర్లు పంపినా బడులు గైడ్లనే నమ్ముకుంటాయి.