గాజు చెప్పని జవాబు

పాత పేటలు కూల్చి కింద దుకాణాలు, పైన ఫ్లాట్లు కట్టే ప్రతిచోటా ఒక మాట వినిపిస్తుంది: శబ్దం సంగతి గాజు చూసుకుంటుందని. నా పేచీ ఈ మాటతోనే. గాజు ఇంట్లోకొచ్చే శబ్దాన్ని తగ్గిస్తుంది, నిజమే. ఆ చోట ఎవరు ఉండాలి, ఎవరు సర్దుకోవాలి అంటే మాత్రం దాని దగ్గర జవాబు లేదు.

లండన్‌లోని ఎలిఫెంట్ అండ్ కాసిల్‌నే చూడండి. అక్కడ మినిస్ట్రీ ఆఫ్ సౌండ్ అనే నైట్‌క్లబ్ 1991 నుంచీ ఉంది. దాని ఎదురుగా, ఐలీన్ హౌస్ స్థలంలో, నలభై అంతస్తులు దాటిన ఇళ్ళ టవర్ కడతామన్నారు. రేపు అందులో దిగినవాళ్ళు నిద్రపట్టట్లేదని ఫిర్యాదు చేస్తే క్లబ్బు లైసెన్సుకే ముప్పు. ఏళ్ళ తరబడి గొడవపడ్డాక, అప్పటికే ఉన్న స్థాయిలో శబ్దం చేసే హక్కు క్లబ్బుకి ఉందని దస్తావేజు రాసుకున్నారు. మార్పు తెచ్చేవాడే దాని భారం మొయ్యాలన్న ఈ సూత్రం 2018లో ఇంగ్లండ్ జాతీయ ప్లానింగ్ విధానంలోకి, 2021లో లండన్ ప్లాన్‌లోకి ఎక్కింది.

సాఫ్ట్‌వేర్ వాణ్ణి, నాకిది వెంటనే నచ్చింది. నడుస్తున్న సిస్టమ్‌లో కొత్త మాడ్యూల్ పెట్టినవాడే పాతది ఆగిపోకుండా చూసుకోవాలి కదా.

అయినా దీన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగలేను. ఈ సూత్రం ఉన్నదాన్ని కాపాడుతుంది. ఉన్నదాన్నే కూల్చేస్తే? అదే పేటలో 1974లో పూర్తయిన హేగేట్ ఎస్టేట్‌లో వెయ్యికి పైగా ఇళ్ళుండేవి. 2014కల్లా నేలమట్టం. లాటిన్ అమెరికా నుంచి వచ్చినవాళ్ళ దుకాణాలున్న షాపింగ్ సెంటర్ 2020లో మూతపడింది. శబ్దం వల్ల కూల్చారని నేననను. కానీ క్లబ్బుకి దస్తావేజు దొరికింది, ఆ దుకాణాల ముందరి కబుర్లకి దొరకలేదు.

మన దగ్గరికొద్దాం. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. వ్యాపార ప్రాంతంలో 65, 55. రెండూ కలిసిన ప్రాంతాన్ని నాలుగు వర్గాల్లో ఏదో ఒకటిగా అధికారులు ప్రకటించవచ్చు. అంటే కింది టిఫిన్ సెంటరుకీ, పైన పసిపిల్లున్న ఇంటికీ ఒకటే అంకె. పది డెసిబెల్స్ తేడా అంటే ధ్వనిశక్తి పది రెట్లు. అది ఎవరి నెత్తిన పడాలో ఎవరూ చర్చించరు.

కిటికీలు మూసుకోమంటారా? మందపు గాజు మాటల్ని బాగానే ఆపుతుంది, బాస్ దెబ్బల్ని ఆపడం కష్టం. కింది జిమ్ములో బరువు పడేస్తే ఆ అదురు కాంక్రీటు గుండా పైకొస్తుంది, కిటికీతో దానికి పనేలేదు. పైగా మే నెలలో కిటికీ మూయాలంటే ఏసీ ఉండాలి. లేనివాళ్ళు చప్పుడో ఉక్కపోతో, ఏదో ఒకటి ఎంచుకోవాలి.

మన 2016 జాతీయ నిర్మాణ నియమావళిలో ధ్వని మీద ఒక విభాగమే ఉంది. కానీ రాష్ట్రాలు తమ నిబంధనల్లో చేర్చుకుంటే తప్ప అది సలహా మాత్రమే. ఇంగ్లండ్‌లో 2003 నుంచీ కొత్త ఫ్లాట్ల మధ్య గోడ కనీసం 45 డెసిబెల్స్ ఆపాలి. నేనడిగేది గొంతెమ్మ కోరికేం కాదు. తాళాలిచ్చే ముందు కొలవండి. ఆ అంకెని అమ్మకపు కాగితంలో రాయండి. కింద ఏ వ్యాపారం, రాత్రి ఎన్నింటిదాకా, ముందే చెప్పండి. కూల్చేముందు అక్కడ ఎవరి చప్పుళ్ళున్నాయో, వాళ్ళెక్కడికి పోతారో నమోదు చెయ్యండి. లిఫ్టులో ఎంతమంది ఎక్కొచ్చో బోర్డు పెట్టేవాళ్ళకి, గోడ ఎంత శబ్దం ఆపుతుందో రాయడానికి అడ్డేమిటి?