దాచిపెట్టిన నెలలే బొల్లికి బలం

పెదవి మూలనో, కనురెప్ప పక్కనో, వేలి కణుపు మీదో మినపగింజంత తెల్ల మచ్చ తేలుతుంది. దురద ఉండదు, మంట ఉండదు, పొట్టు రాలదు. కాల్షియం తక్కువైందని ఒకరు, కడుపులో నులిపురుగులని ఇంకొకరు, చేపలు తిన్న రోజే పాలు తాగావని మరొకరు తేల్చేస్తారు. మందుల షాపులో అడిగి తెచ్చిన ట్యూబేదో రాస్తారు. రెండు మూడు నెలలకు మోచేతుల మీదా మోకాళ్ల మీదా అలాంటివే కనిపిస్తాయి. బొల్లి అన్న మాట ఇంట్లో వినిపించేది అప్పుడే, అదీ గుసగుసగా. ఆడపిల్ల అయితే ఆ గుసగుస గుమ్మం కూడా దాటదు. సంబంధాలు చూసే వయసు దగ్గరపడితే పొడుగు చేతుల జాకెట్లు మొదలవుతాయి, డాక్టరు దగ్గరికి వెళ్లడం వాయిదా పడుతుంది. ఏడాదో రెండేళ్లో అలాగే గడిచిపోతాయి. వైద్యం బాగా పనిచేయగల కాలం సరిగ్గా అదే. ఇవాళ బొల్లికి మందులున్నాయి. అవి ఒంటికి అందాల్సిన నెలలను మనం భయానికీ మొహమాటానికీ ఖర్చు పెడుతున్నాం. ముందు మారాల్సింది ఇది.

ఆ నెలలకు ఎందుకంత విలువో చర్మం లోపల జరిగేది చూస్తే తెలుస్తుంది. చర్మానికి రంగునిచ్చేవి మెలనోసైట్లు అనే కణాలు. ఒంటికి కాపలా కాయాల్సిన టి కణాలు దారితప్పి వీటి మీదే దాడి చేయడమే బొల్లి. ప్రపంచ జనాభాలో అర శాతం నుంచి 2 శాతం దాకా దీని బారిన పడుతున్నారు, దాదాపు సగం మందిలో ఇది 20 ఏళ్లలోపే మొదలవుతుంది. ఇది అంటుకోదు, చేపలూ పాలూ దీనికి కారణం కావు. పైపొరలో రంగు పోయినా వెంట్రుక కుదుళ్లలో రంగు కణాల మూలాలు చాలాకాలం బతికే ఉంటాయి. చికిత్స పనిచేస్తున్న మచ్చను దగ్గరగా చూడండి: తెల్లటి చర్మంలో ఒక్కో వెంట్రుక మొదట్లో గోధుమరంగు చుక్క పొడుస్తుంది, మెల్లగా వెడల్పై పక్క చుక్కను కలుపుకుంటుంది. మచ్చ మీది వెంట్రుకలు కూడా తెల్లబడ్డాయంటే ఆ నిల్వ తరిగిపోయిందన్నమాట. వెంట్రుకలు లేని వేళ్ల చివర్లలో, పెదవుల మీద రంగు తెప్పించడం కష్టమయ్యేదీ ఇందుకే. కుదుళ్లలో నిల్వ ఉండగానే వైద్యం మొదలవ్వాలి.

తెల్లగా కనిపించిన ప్రతిదీ బొల్లి కాదు. బొల్లి మచ్చ మొదట కాస్త పాలిపోయినట్టుండి తర్వాత సుద్దముక్కలా తెల్లబడుతుంది, అంచు స్పష్టంగా తెలుస్తుంది, ఒంటికి రెండు పక్కలా ఒకే చోట రావడం ఎక్కువ. ఒక పక్కకే పట్టీలా పరిమితమయ్యే రకమూ ఉంది. అది వెంట్రుకలను త్వరగా తెల్లబరుస్తుంది కాబట్టి ఇంకా తొందరపడాలి. పిల్లల బుగ్గల మీద అంచు తెలియకుండా పాలిపోయి సన్నగా పొట్టు లేచేవి చాలావరకు వాటంతటవే తగ్గిపోతాయి. వీపు మీద, ఛాతీ మీద గీరితే పొడిలా రాలేది శోభి, అది ఫంగస్ వల్ల వస్తుంది. స్పర్శ తెలియని మచ్చ అయితే కుష్ఠు కావచ్చు, దాన్నీ మందులతో పూర్తిగా నయం చేయవచ్చు. బొల్లిలో స్పర్శ చెక్కుచెదరదు. అయినా శ్వేతకుష్ఠు అనే పాత పేరు రెంటినీ ముడిపెట్టి ఎన్నో కుటుంబాలను హడలగొట్టింది, ఆ పేరు వాడటం మానేయాలి. ఇక నుదుటన బొట్టు పెట్టుకునే చోటే గుండ్రంగా తెల్లబడితే స్టిక్కర్ జిగురును అనుమానించాలి. కొన్ని జిగుళ్లలో ఉండే ఒక రసాయనం రంగు కణాలను చంపేస్తుంది. ఏది ఏదో తేల్చడానికి డాక్టరు చాలాసార్లు చీకటి గదిలో వుడ్స్ ల్యాంప్ వేసి చూస్తారు. ఆ వెలుతురులో బొల్లి మచ్చ నీలి తెలుపుగా మెరుస్తుంది. నిమిషాల పని, సూది గుచ్చేది లేదు.

బొల్లి అని తేలాక ఇంట్లోవాళ్లు చేయగలిగింది చాలా ఉంది. గీసుకున్న చోట, కాలిన చోట, రోజూ ఒరుసుకునే చోట కొత్త మచ్చలు పుట్టడం ఈ జబ్బు స్వభావం. లంగా బొందు బిగించి కట్టే నడుం మీద సన్నటి తెల్ల గీత, చెప్పు పట్టీ ఒరిసే పాదం మీద మరొకటి వస్తాయి. బొందు వదులు చేసినా, వెడల్పాటి పట్టీకి మారినా కొంత మేలు. నాటు మందుల దగ్గర మాత్రం గట్టిగా ఉండాలి. చిత్రమూలం వేరు నూరి పట్టిస్తే బొబ్బలెక్కుతుంది. బావంచాల గింజల్లోని సోరాలెన్ ఆధునిక వైద్యమూ వాడుకున్న నిజమైన మందే, కానీ మోతాదు తెలియకుండా పూసుకుని ఎండలో కూర్చుంటే చర్మం కాలుతుంది, కాలిన చోట మచ్చ పెరుగుతుంది. నూకలు చల్లినట్టు చిన్నచిన్న తెల్ల చుక్కలు వస్తుంటే జబ్బు వేగంగా పాకుతోందని గుర్తు. ఆ వారమే డాక్టరుకు చూపించాలి.

నొప్పి లేని, ప్రాణం తీయని మచ్చకు ఇంత హడావుడి దేనికి, మారాల్సింది చూసేవాళ్ల చూపు కదా అని కొందరు అడుగుతారు. ఆ ప్రశ్నంటే నాకు గౌరవం ఉంది. కెనడాకు చెందిన విన్నీ హార్లో ఆ మచ్చలతోనే ప్రపంచం గుర్తించిన మోడల్ అయింది. ఇలాగే ఉంటానని నిర్ణయించుకున్న మనిషిని వైద్యం పేరుతో వేధించే హక్కు ఎవరికీ లేదు. అయితే పదకొండేళ్ల పిల్ల మచ్చను దాచి రెండేళ్లు ఊరుకున్న పెద్దలు ఆ పిల్ల బదులు తామే నిర్ణయం తీసేసుకున్నారు. వైద్యం కావాలా వద్దా అన్నది రేపు ఆమె తేల్చుకోవాలంటే ఇవాళ దారి తెరిచి ఉంచాలి. పిల్లలకూ వస్తుందేమోనన్న పెళ్లి భయానికీ లెక్కలున్నాయి: ఒకే పోలిక కవలల్లో ఒకరికి బొల్లి ఉంటే రెండోవారికీ ఉండే అవకాశం సుమారు 23 శాతమే, మామూలు తోబుట్టువుల్లో అది 6 శాతం దగ్గరే ఆగుతుంది.

ఎంత వాడినా మళ్లీ వస్తుందన్న మాటలో కొంత నిజముంది. న్యారోబ్యాండ్ యూవీబీ కాంతి చికిత్సపై పలు అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ 2017లో వెలువడింది. దాని ప్రకారం 6 నెలలకు 74 శాతం మందిలో ఎంతో కొంత రంగు వచ్చింది, మచ్చలో ముప్పావు వంతుకు పైగా రంగు తిరిగి రావడం ఏడాదికి 36 శాతం మందిలోనే కనిపించింది. ముఖం, మెడ బాగా స్పందించాయి, చేతులూ పాదాలూ మొండికేశాయి. నెల రోజులు వాడి మానేసేవాళ్లకు ఈ వైద్యం ఏమీ ఇవ్వలేదు. రంగు వచ్చాక ఊరుకుంటే తిరగబెట్టడమూ నిజమే, కానీ వారానికి రెండుసార్లు టాక్రోలిమస్ అనే పూత మందు కొనసాగించిన వారిలో అది 10 శాతం లోపే ఉందని, మందు లేని ఉత్తి పూత రాసినవారిలో 40 శాతం దాకా ఉందని 2015 నాటి ఒక పరీక్ష చూపింది. స్టెరాయిడ్ల భయమూ సబబే. షాపులో కొన్న స్టెరాయిడ్ ట్యూబును నెలల తరబడి ముఖానికి రాస్తే చర్మం పల్చబడుతుంది. టాక్రోలిమస్‌తో ఆ ఇబ్బంది లేదు. డాక్టరు అవసరమయ్యేది ఇలాంటి తేడాల దగ్గరే.

నాకు సమాధానం కష్టమనిపించే అభ్యంతరం ఒక్కటే: డబ్బూ దూరమూ. కాంతి చికిత్సకు వారానికి రెండు మూడుసార్లు, నెలల తరబడి వెళ్లాలి. మండల కేంద్రం నుంచి జిల్లా పట్నానికి బస్సెక్కే కూలి మనిషికి ప్రతిసారీ ఒక పూట కూలి పోతుంది, పిల్లకు బడి పోతుంది. ఇది కుటుంబాల తప్పు కాదు, ప్రభుత్వాలు తీర్చాల్సిన లోటు. కుష్ఠు సర్వేలో ఆశా కార్యకర్తలు ఇప్పటికే ఇంటింటికీ తిరిగి మచ్చల గురించి అడుగుతున్నారు. స్పర్శ ఉంది, కుష్ఠు కాదు అని తేలిన మచ్చను అక్కడితో వదిలేయకుండా చర్మ విభాగానికి చీటీ రాసిచ్చే పద్ధతి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పెట్టాలి. ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఒక యూవీబీ యంత్రం ఉండాలి, పనులు ముగించుకుని వచ్చేవాళ్ల కోసం అది సాయంత్రం ఎనిమిది దాకా నడవాలి.