జల్లెడ ఎక్కడుండేది?

సొంతంగా ఈ-పుస్తకం వేసుకున్న రచయిత గురించి మన సాహిత్య సభల్లో ఒక మాట స్థిరపడిపోయింది: ఎవరూ వేయకపోతే తానే వేసుకున్నాడు, అదీ కాగితం ఖర్చైనా లేకుండా. ఈ ఎత్తిపొడుపులో రెండు నమ్మకాలు దాగి ఉన్నాయి. ప్రచురణకర్త మంచీ చెడ్డా చూసి వడపోస్తాడని, ఆ జల్లెడ దాటనిది పుస్తకం కాదని మొదటిది. కాగితం మీదికి ఎక్కడమే రచనకు యోగ్యతాపత్రమని రెండోది. రెండోదాన్ని నిలదీయడం తేలిక. పెళ్లి శుభలేఖలూ ఎన్నికల కరపత్రాలూ కాగితం మీదే అచ్చవుతాయి. మొదటిదాని దగ్గరే కాస్త ఆగాలి, ఎందుకంటే తెలుగు పుస్తకాల పుట్టుపూర్వోత్తరాలు బాగా తెలిసినవాళ్లు కూడా దాన్ని నమ్ముతున్నారు.

వీరేశలింగం 1874లో వివేకవర్ధని పత్రిక మొదలుపెట్టారు, తర్వాత రాజమండ్రిలో సొంత అచ్చుకూటమే పెట్టుకున్నారు. రాజశేఖర చరిత్రము ఆ పత్రికలోనే ధారావాహికగా వచ్చి 1880లో పుస్తకమైంది. రాసినవాడూ, పత్రికలో వేసినవాడూ ఒక్కడే. అలాంటి పుస్తకాన్ని ఇవాళ ఎవరైనా తెస్తే దాన్ని మనం ఏ గాటన కడతామో ఆలోచించండి. శ్రీశ్రీ మొదటి పుస్తకం ప్రభవ 1928లో వచ్చింది, వేసింది విశాఖపట్నంలో తాను కూడా సభ్యుడైన కవితా సమితి. 1965, 66, 68 సంవత్సరాల్లో దిగంబర కవులు తెచ్చిన మూడు సంపుటాలూ వాళ్లకు వాళ్లే తెచ్చుకున్నవి. మొదటిదాన్ని హైదరాబాదులో అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు తప్ప ఏ ప్రచురణ సంస్థ గుమ్మం ముందూ నిలబడలేదు. రంగనాయకమ్మ సంగతి వేరే చెప్పాలా? తెలుగులో విస్తృతంగా చదివిన, తిట్టిన, వాదించిన పుస్తకాలు రాసిన ఆవిడ తన స్వీట్ హోమ్ పబ్లికేషన్స్ ద్వారా తానే వేసుకుని, లావుపాటి సంపుటాలను సైతం చవక ధరకు అమ్మారు. వీళ్లెవరినీ సొంత డబ్బా కొట్టుకున్నవాళ్లని అనం. అదే పని తెర మీద జరిగితే మాత్రం అంటాం.

పేరున్నవాళ్లను పక్కనపెట్టి మామూలు కవితా సంపుటినో కథల సంపుటినో తీసుకుందాం. లోపలి పేజీ తిప్పితే ప్రచురణ సంస్థ పేరు ఉంటుంది, అది చాలాసార్లు రచయిత తల్లిదో కూతురిదో ఇంటిదో. ‘ప్రతులకు’ అన్నచోట రచయిత ఇంటి చిరునామా, కింద విశాలాంధ్ర, నవోదయ లాంటి పుస్తకాల షాపుల పేర్లు. వేసింది ఐదొందలు, ధైర్యముంటే వెయ్యి. డీటీపీకి, ముఖచిత్రానికి, ప్రెస్సుకు, ఆవిష్కరణ సభ హాలుకు, చివరికి శాలువాలకు కూడా డబ్బు పెట్టింది ఆయనే. అమ్మకానికి ఇస్తే ముఖవెలలో నూటికి నలభై, ఒక్కోచోట అంతకు పైనే, కమిషను. మిగిలిన కట్టలు అటక మీద. ఈ వరసలో వ్రాతప్రతి చదివి ‘ఈ రెండు కథలు తీసెయ్యండి, ఈ ముగింపు మార్చండి’ అన్న మనిషి ఎక్కడున్నాడు? ముందుమాట రాసే పెద్దాయన ఉంటాడు, నిజమే. కాని ఆయన పని వడపోయడం కాదు, దీవించడం. హైదరాబాద్ బుక్ ట్రస్టులా ఎంపిక చేసి, శ్రద్ధగా వేసే సంస్థలు లేకపోలేదు. అవి వేళ్ల మీద లెక్కపెట్టదగ్గవి. తక్కిన తెలుగు పుస్తక లోకంలో జల్లెడ పట్టింది జేబులకే. ఓ నెల జీతమో, పంట డబ్బో, పీఎఫ్ డబ్బో పక్కన పెట్టగలిగినవాడు కవి అయ్యాడు, పెట్టలేనివాడి నోటుపుస్తకం పెట్టెలోనే ఉండిపోయింది. ఈ-పుస్తకం తీసేసింది ఈ జల్లెడనే. దాని కోసం కన్నీళ్లు పెట్టుకోవడం నాకు అర్థం కాదు.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయకూడదు. పుస్తకానికి కాకపోయినా రచనకు తెలుగులో ఒక వడపోత ఉండేది, అది పత్రిక. కథ ముందు భారతిలోనో వారపత్రికలోనో అచ్చయ్యేది. సంపాదకుడు తిప్పి పంపిన కథల కుప్ప మీద నిలబడే మన కథకులు ఎదిగారు. పుస్తకం సొంత ఖర్చుతో వేసుకున్నా అందులోని కథలు అప్పటికే ఒక పరీక్ష దాటినవి. ఇది నిజం, పూర్తిగా ఒప్పుకోవలసిందే. అయితే ఆ పరీక్ష గది ఎవరు మూసేశారు? 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు పెట్టిన భారతి 1991లో ఆగింది. అప్పటికి తెలుగులో ఈ-పుస్తకమన్న మాటే లేదు. 2020లో కరోనా మరికొన్ని పత్రికల అచ్చును ఆపేసింది. సంపాదకుడు పోయాక ఆయన కుర్చీ ఖాళీ ఎందుకుందని కుర్రవాడి కిండిల్‌ను నిలదీస్తే ఏం లాభం? పైగా తెర ఉన్నచోట సంపాదకత్వం బతకదన్నది కూడా నిజం కాదు. 1998లో అమెరికా తెలుగువాళ్లు మొదలుపెట్టిన ఈమాట కాగితం ముఖం చూడని పత్రిక. వచ్చిన రచనను పరిష్కర్తలకు చూపించి, మార్పులు అడిగి, ఒప్పించి వేసే పద్ధతి దానిది. అచ్చుపత్రికల్లో ఎన్ని అంత ఓపిక పట్టాయో చెప్పడం కష్టం.

మరి చెత్త వరదలా వస్తోంది కదా అంటారు. వస్తోంది. ఆదివారం రాసి సోమవారం ఎక్కించిన నవలలు, ఒత్తులు పోయిన పేజీలు, అరసున్నాకూ సున్నాకూ తేడా తెలియని పద్యాలు ఉన్నాయి. అద్దె పుస్తకాల షాపులు నడిచిన రోజుల్లోనూ ఇదే గగ్గోలు పెట్టాం, ఆ నవలలన్నీ ప్రచురణకర్తలు వేసినవే. తేడా ఒక్కటే. అచ్చయిన చెత్తకు చెట్టు ఖర్చవుతుంది, పాఠకుడి చేతిలో డబ్బు ఖర్చవుతుంది. ఈ-పుస్తకానికి మొదటి పేజీలు ఊరికే చదివి వదిలేయొచ్చు. స్వతంత్ర రచయితను తప్పుపట్టాలంటే అసలు చోటు ఇంకొకటుంది: ప్రెస్సు ఖర్చు మిగిలిందని సంబరపడి, అందులో సగమైనా వ్రాతప్రతిని సరిదిద్దే మనిషికి ఇవ్వకపోవడం. డీటీపీకి పేజీకింతని రేటుంది, ప్రూఫులకు రేటుంది, సంపాదకుడికి మాత్రం తెలుగులో రేటే లేదు. ఆ లోటు కాగితంలోనూ ఉంది, తెరలోనూ ఉంది.

ఈ-పుస్తకం వేసుకుంటే కోట్లు కురుస్తాయని ఊదరగొట్టే రెండో వర్గాన్నీ నమ్మనక్కర్లేదు. తెలుగు రచయితకు ఎదురయ్యే గోడలు వేరే ఉన్నాయి. 2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్‌లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు మొదలైనప్పుడు తెలుగు ఆ జాబితాలో లేదు. 2011 జనగణన ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8.11 కోట్లు, మలయాళానికి 3.48 కోట్లు. మాట్లాడేవాళ్లు తక్కువై తెలుగు బయట ఉండిపోయిందనడానికి లేదు. 2010 దశకం మొదట్లో కినిగె లాంటి వేదికలు మన చొరవతోనే పుట్టాయి. తొలినాళ్లలో అమ్మినవి ఎక్కువగా పీడీఎఫ్‌లే, ఎందుకంటే పుస్తకాలన్నీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చినవి. ఆ ఫైలును యూనికోడ్‌లోకి మారిస్తే పొల్లులూ వత్తులూ చెదిరిపోతాయి, మార్చకపోతే ఫోన్ తెర మీద అక్షరం పెద్దది కాదు, ఒక్క మాట వెతికినా దొరకదు. డాలస్‌లో ఉన్న పాఠకుడికి వంద రూపాయల పుస్తకం పంపితే పోస్టు ఖర్చే దాని ధరను మించిపోతుంది. అతనికి ఈ-పుస్తకమే దారి, ఆ దారిలో గుంతలు పూడ్చే పని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. సభల్లో మాట్లాడాల్సింది వీటి గురించి.

విచిత్రమేమిటంటే, కాగితమే యోగ్యతాపత్రమన్న నమ్మకం సాహిత్య సభల్లోనే ఆగలేదు, పన్నుల్లోకీ ఎక్కింది. అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు. 2018 జులైలో ఈ-పుస్తకాల పన్నును 5 శాతానికి తగ్గించారు, కాని అచ్చుప్రతి కూడా ఉన్నవాటికే. అచ్చుకు డబ్బులేక తెర మీదే పుస్తకం తెచ్చినవాడికి 18 శాతం. అదే ప్రభుత్వం రాజా రామ్మోహన్‌రాయ్ ఏజెన్సీ ద్వారా ఐఎస్‌బీఎన్ నంబరును విడి రచయితకు కూడా ఉచితంగా ఇస్తుంది, అంటే ఒక చేత్తో నువ్వూ ప్రచురణకర్తవేనంటుంది. ఇక పుస్తకాలు భద్రపరిచే 1954 చట్టం సంగతి. అచ్చయిన ప్రతి పుస్తకం కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, మరో మూడు గ్రంథాలయాలకూ చేరాలన్నది దాని నియమం. ఐదొందల ప్రతుల కవితా సంపుటి ఒకటి, దాన్ని ఎవరూ చదవకపోయినా, ఆ నాలుగు చోట్ల దుమ్ము కింద క్షేమంగా ఉండవచ్చు. వేలమంది ఫోన్లలో చదివిన ఈ-నవల ఆ వేదిక మూతపడ్డ రోజున రచయిత కంప్యూటర్‌లో తప్ప ఇంకెక్కడా మిగలకపోవచ్చు, ఆ ఫైలు కూడా అను ఫాంట్లలోనే ఉంటే, అదీ అనుమానమే.