గోడ ఒకటి, గడపలు రెండు

అవినాశిలోను, చుట్టుప్రక్కల పల్లెలలోను ఉన్న మన వారి పాత ఇళ్ళను గమనించిన చదువరులకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. వీధిలో నిలిచి చూస్తే అది ఒకే ఇల్లు. పొడుగాటి పెంకుల కప్పు, దాని క్రింద ఒకే వరుసలో స్తంభాలు, ఈ కొన నుండి ఆ కొన వరకు ఒకే తిన్నె. దగ్గరకు వెళితే గడపలు రెండు, పొయ్యిలు రెండు. అన్నదమ్ములు పాళ్ళు పంచుకొన్ననాడు నడుమ లేచిన గోడో, మొదటినుంచి ఇద్దరి కోసమని కట్టించిన గోడో లోపల ఉంటుంది. ఈ నెల ఆ గోడను గురించి నాలుగు మాటలు చెప్పుకోవలెనని ఉన్నది. ఎందుకనగా, కోయంబత్తూరుకు, తిరుప్పూరుకు రెండింటికీ అందుబాటులో ఉన్న ఈ ఊళ్ళలో నేల విలువ పెరిగిన కొలది ఇట్టి ఇళ్ళు సగం సగంగా కూలుతున్నవి. తమ్ముడు తన సగం పడగొట్టి మేడ వేస్తాడు. అన్నగారి సగం ఒంటరిగా నిలిచిపోతుంది.

జంట ఇళ్ళు మన ఊరి వింతయేమీ కాదు. విక్టోరియా రాణి కాలములో ఇంగ్లండులోని పట్టణాల శివార్లు వీటితోనే నిండినవి. అంతకు కొంచెము ముందే, 1823-25 ప్రాంతములో, తోటల శాస్త్రములో పేరుపొందిన జాన్ క్లాడియస్ లౌడన్ లండనులోని పోర్చెస్టర్ టెర్రేసులో ఒక జంట ఇల్లు కట్టించి, ఒక సగములో తాను కాపురమున్నాడు. చూచేవారికి అది ఒక పెద్దమనిషి భవనములాగు కనిపించవలెనని అతని కోరిక. అందుకని వాకిళ్ళు రెండింటినీ ప్రక్కలకు త్రిప్పి, ముందు నట్టనడుమ గాజు గుమ్మటమొకటి నిలిపినాడు. 1838లో అచ్చయిన తన గ్రంథములో ఆ ఇంటిని వర్ణించినాడు కూడా. చిన్న సంసారానికి పెద్ద ఇంటి దర్జా! మన పెద్దలు ఒకే తిన్నెతో సాధించినదీ అదే కాదా?

అయితే దర్జా ఒక ఎత్తు, బరువు ఒక ఎత్తు. మన జంట ఇళ్ళలో నడిమి గోడ అడ్డుతెర మాత్రమే కాదు. రెండు వైపుల దూలాల కొనలు దానిలోనే దిగి ఉంటవి. కప్పు బరువు ఇటునుంచి, అటునుంచి సమానముగా పడుతూ ఉండగా గోడ నిటారుగా నిలుస్తుంది. ఒక వైపు తీసివేస్తే ఆ తూకము చెడుతుంది. పైగా అది ఇంతకాలమూ ఇంటి లోపలి గోడ. ఎండ వాన ఎరుగదు. చాలా చోట్ల బంకమట్టితో పేర్చిన ఇటుక మీద పలుచని సున్నపు పూత తప్ప మరేమీ ఉండదు. ప్రక్క సగము పోయిన మరునాడే అది బయటి గోడ అవుతుంది. దూలాలు పీకిన రంధ్రాలు నోళ్ళు తెరిచి ఉంటవి. ఐప్పసి నెల వానకు ఆ నీరు ఎక్కడికి పోతుందో వేరే చెప్పనక్కరలేదు. ఇక కొత్త మేడ స్తంభాల కోసము పాత పునాది కంటె లోతుగా, దానికి ఆనించి గుంటలు త్రవ్వితే, బీటలు పడడానికి వాన కూడా అక్కరలేదు.

“నా భాగము నా ఇష్టము” అనేవారున్నారు. చట్టము అంత తేలికగా ఒప్పుకోదు. 1882 నాటి ఈజ్‌మెంటు చట్టము మొదటినుంచి మద్రాసు రాజధానికి వర్తించినదే. ఉమ్మడి ఆస్తి పంపకమైనప్పుడు, ఒకరి వాటా అనుభవించడానికి రెండవ వాటా మీద ఏ హక్కు తప్పనిసరియో అది వారికి ఉంటుందని అందులో ఉన్నది. ఇంగ్లండులో 1996 నాటి చట్టము ప్రకారము ఉమ్మడి గోడను ముట్టుకోవలెనంటే రెండు నెలల ముందు పొరుగువారికి వ్రాతమూలకముగా తెలియజేయవలె. మన ఇళ్ళలో ఆ కాగితము అన్నగారికి ఒక్కరికే ఇస్తే చాలునా? 2005 సవరణ తరువాత ఆడపడుచులు కూడా భాగస్థులే కావచ్చును. వారి చెవినీ వేయవలె. వ్యాజ్యము దాకా వెళ్ళినవారు వకీలునే అడగవలె, మమ్ములను కాదు.

పడగొట్టక తప్పని పక్షములో చేయదగిన పనులు మేస్త్రీలకు తెలియనివి కావు, అడిగేవారు లేక మానివేస్తారు. పైకప్పు దించకముందే నిలిచే సగానికి పోట్లు పెట్టించండి. దూలాల రంధ్రాలను ఇటుకతో, సున్నముతో పూడ్పించండి. పాత మట్టిగోడకు వట్టి సిమెంటు పూత వద్దు. లోపలి తడిని బయటికి పోనీయక గోడనే తినివేస్తుంది. పునాదిని ఒకేసారి పొడవునా త్రవ్వక, కొంచెము త్రవ్వి, కట్టి, తరువాత ముందుకు సాగమనండి. ఈ ఖర్చు ఎవరిదన్న వాదు పని ఆరంభమైన తరువాత తెగదు గనుక ముందే తేల్చుకొనుట మేలు. మా మట్టుకు, పడగొట్టేవారే భరించుట న్యాయమని తోస్తున్నది.

పని మొదలుకాకముందు ఇరువురూ కలిసి గోడను రెండు వైపులా చూచి, ఉన్న బీటలకు ఫోటోలు తీయించవలె. పెద్ద బీట మీద సన్నని గాజుపలక అడ్డముగా అంటించి, ప్రక్కన తేదీ వేయండి. గోడ కదిలితే గాజు పగులుతుంది. ఎవరి మాట నిజమన్న తగవు ఉండదు.