వ్యాసం కూడా సాక్ష్యమే

వార్షిక పరీక్షలు సమీపించిన కొద్దీ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలలోని మన కుటుంబాల నుండి ఒకే ప్రశ్న మాకు పదేపదే అందుతూ ఉంటుంది: "మా పిల్లవాడు లెక్కలు చేస్తాడు, అడిగిన దానికి నోటితో జవాబు చెబుతాడు. తెలుగులో వ్యాసం వ్రాయమంటే మాత్రం కలం ముందుకు సాగదు. ఏ గైడు కొనిపెట్టమంటారు?" ఈ నెల శీర్షికను ఆ ప్రశ్నకే కేటాయిస్తున్నాము. అయితే ఏ గైడు పేరునూ మేము సూచించబోము. ఎందుకో వివరిస్తాము.

గైడులోని వ్యాసాన్ని కంఠస్థం చేసిన విద్యార్థి పరీక్షలో తనకు గుర్తున్నదే వ్రాస్తాడు, అడిగినది వ్రాయడు. "నీటి కాలుష్యం" నేర్చుకొని వెళ్ళినవానికి "నీటి పొదుపు" అని ప్రశ్న వస్తే, కర్మాగారాల మురుగు గురించే రెండు పుటలు నింపి వస్తాడు. ఒక్క మాట మారితే అతని ఏడాది శ్రమ అక్కరకు రాకుండా పోతుంది.

కంఠస్థాన్ని మేము చిన్నచూపు చూస్తున్నామని ఎవరూ అనుకోవద్దు. దివ్య ఖుర్ఆన్‌ను హృదయంలో నిలుపుకొనే పిల్లల నడుమనే మా జీవితం గడుస్తున్నది. దైవవాణిని ఒక్క అక్షరమైనా మారకుండా భద్రపరచడం ఆరాధన. ఎవరో వ్రాసిన వ్యాసాన్ని మన పేరిట అప్పగించడం అటువంటిది కాదు. వ్యాసం అడిగేవారు "ఈ విషయంలో నీవు ఏమి చూశావు, ఏమి విన్నావు, ఏమి గ్రహించావు?" అని అడుగుతున్నారు. అది ఒక విధమైన సాక్ష్యం. సాక్షి చూడని దానిని చూశానని చెప్పకూడదు.

సూరా బనీ ఇస్రాయీల్ 36వ వాక్యం తెలియని దాని వెంట పోవద్దని వారిస్తూ, మన వినికిడి, చూపు, హృదయం అన్నింటి గురించీ ప్రశ్నించడం జరుగుతుందని హెచ్చరిస్తున్నది. ఖుర్ఆన్‌లోని అతి దీర్ఘమైన వాక్యం, అంటే సూరా బఖరా 282వ వాక్యం, అప్పును పత్రంగా వ్రాసుకోవడం గురించినది. వ్రాసేవాడు న్యాయంగా వ్రాయాలన్న ఆదేశం అందులో ఉన్నది. ఒక అప్పు పత్రానికే ఇంత జాగ్రత్త అవసరమైనప్పుడు, మన పిల్లల చేతివ్రాతను మనం తేలికగా తీసుకోవడం ఎట్లా సబబు?

తెలుగు పరాయి భాష కాదు

"మా ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. పిల్లవానికి తెలుగు వ్యాసం ఎట్లా వస్తుంది?" అన్నది రెండవ మాట. దైవప్రవక్త (స) తన లేఖకులలో ఒకరైన హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)ను యూదుల లిపి నేర్చుకోమని ఆదేశించారనీ, ఆయన పక్షం రోజులలోనే దానిని నేర్చుకున్నారనీ హదీసు గ్రంథాలలో ఉన్నది. ప్రతి ప్రవక్తనూ అతని జాతి భాషలోనే పంపినట్లు సూరా ఇబ్రాహీమ్ 4వ వాక్యం తెలుపుతున్నది. మన ఇరుగుపొరుగుల భాషలో చక్కగా వ్రాయడం పరీక్ష మార్కులకు మించిన బాధ్యత.

పైగా ఉర్దూ వచ్చిన పిల్లలకు తెలుగు వ్యాసంలో కొన్ని అనుకూలతలు ఉన్నాయి. రెండు భాషలలోనూ వాక్యపు వరుస ఒకటే: కర్త, కర్మ, చివర క్రియ. కాగితం, కలం, జవాబు, ఖర్చు, అర్జీ, వకీలు వంటి మాటలు రెండింటిలోనూ ఉన్నాయి. సూరా ఖలమ్‌లో అల్లాహ్ దేనిపై ప్రమాణం చేశాడో ఆ కలమే తెలుగువారి కలం కూడా. పిల్లలు తడబడే చోటు వేరే ఉన్నది. ఉర్దూ లిపిలో హ్రస్వ స్వరాల గుర్తులను సాధారణంగా వ్రాయరు, చదివేవారే గ్రహిస్తారు. తెలుగులో ప్రతి హ్రస్వం, ప్రతి దీర్ఘం కంటికి కనబడి తీరాలి. "పలు" వేరు, "పాలు" వేరు. కనుక గుణింతం, ఒత్తులు రోజుకు పది నిమిషాలు సాధన చేయించండి. మిగిలినది ఆలోచనకు సంబంధించిన పని.

మన నేల చూపిన మార్గం

ఆ ఆలోచన ఎట్లా ఉండాలో పిల్లలకు చెప్పడానికి సురవరం ప్రతాపరెడ్డి గారి ఉదాహరణ మనకు దగ్గరలోనే ఉన్నది. నేటి జోగులాంబ గద్వాల జిల్లాలోని ఇటిక్యాలపాడు వారి స్వగ్రామం. తెలుగు, సంస్కృతాలతో పాటు ఉర్దూ, ఫారసీ నేర్చిన ఆయన 1926లో గోలకొండ పత్రికను ప్రారంభించారు. 1952లో వనపర్తి నుండి శాసనసభకు ఎన్నికయ్యారు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న మాట వెలువడినప్పుడు, 354 మంది కవుల రచనలను, వివరాలను సేకరించి 1934లో గోలకొండ కవుల సంచికను ప్రచురించారు. ఒక ఆక్షేపణకు జవాబు ఎట్లా ఉండాలో ఇది చూపుతున్నది. గట్టిగా అరవనక్కర లేదు, రుజువు చూపితే చాలు.

ఆయన వ్రాసిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర ప్రజల తిండి, బట్ట, ఆటలు, ఆచారాల చరిత్ర. తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో ఆ గ్రంథానికే లభించింది. సామాన్యుల నిత్యజీవితం గొప్ప రచనకు చాలినప్పుడు, పదవ తరగతి వ్యాసానికి చాలదా?

కట్టుబడి

వ్యాసానికి మూడు భాగాలని బడిలో చెబుతారు: ఉపోద్ఘాతం, విషయ విశ్లేషణ, ముగింపు. మన పిల్లలకు ఇది కొత్త కాదు. ప్రతి శుక్రవారం వారు వినే ఖుత్బాలో ముందు దైవస్తోత్రం, దరూద్ ఉంటాయి. తరువాత ఇమాం గారు "అమ్మా బాద్" అంటారు, అనగా "ఇక విషయానికి వద్దాం" అని. అక్కడి నుండి అసలు బోధ సాగుతుంది, చివర దుఆతో ముగుస్తుంది. "అమ్మా బాద్" రావడానికే అరగంట పడితే వినేవారు ఏమనుకుంటారో, ఉపోద్ఘాతమే పుట నిండితే దిద్దేవారు అదే అనుకుంటారు.

ఇక "నీటి పొదుపు ఆవశ్యకతను వివరించండి" అనే ప్రశ్ననే తీసుకొని వరుసగా చూద్దాం.

మొదట ప్రశ్నలోని ముఖ్యమైన మాటల క్రింద గీత గీయాలి. ఇక్కడ "పొదుపు", "ఆవశ్యకత". ఎందుకు పొదుపు చేయాలో చెప్పమన్నారు. నదుల పేర్ల పట్టిక అడగలేదు.

రెండవది, ఐదు నిమిషాలు చిత్తు కాగితంపై తనకు తెలిసినవన్నీ ముక్కలుగా వ్రాసుకోవాలి: వీధి కుళాయి, దాదీ చెప్పిన కరువు రోజులు, ఎండిన బోరు, జూరాల కాలువ, మసీదులో వుజూ, వరి, వేరుశనగ. తరువాత ప్రశ్నకు సంబంధం లేనివి కొట్టివేసి, మిగిలిన వాటికి వరుస సంఖ్యలు వేయాలి. దగ్గరి నుండి దూరానికి వెళ్ళడం సులువైన వరుస: ఇల్లు, మసీదు, పొలం.

మూడవది, వ్యాసం మొత్తం చెప్పదలచిన మాటను ఒకే వాక్యంలో వ్రాసుకోవాలి. ఆ వాక్యం కుదరకపోతే విషయం ఇంకా తెలియలేదని అర్థం.

నాలుగవది ఉపోద్ఘాతం. "నీరు సకల జీవులకు ప్రాణాధారం" అని అందరూ మొదలుపెడతారు. అది అసత్యం కాదు, కాని వ్రాసినవాడు ఎవరో, ఎక్కడివాడో అందులో కనబడదు. గద్వాల విద్యార్థి ఇట్లా వ్రాయవచ్చు: "మా నడిగడ్డకు ఒక వైపు కృష్ణ, మరొక వైపు తుంగభద్ర ఉన్నాయి. అయినా వేసవిలో మా వీధిలో బిందెలు వరుస కడతాయి. నది దగ్గర ఉండటం వేరు, నీరు ఇంటికి చేరడం వేరు. చేరిన నీటిని వృథా చేయకుండా కాపాడుకోవడం మా చేతిలోని పని." నాలుగే వాక్యాలు. స్థలం కనబడింది, సమస్య తెలిసింది, చెప్పబోయేది కూడా తెలిసింది. నాగర్‌కర్నూలు విద్యార్థి నల్లమల అంచు నుండి, వనపర్తి విద్యార్థి వేరుశనగ చేను నుండి మొదలుపెట్టవచ్చు.

ఐదవది విశ్లేషణ. ఒక పేరాకు ఒకే విషయం. మొదటి వాక్యంలో మాట చెప్పాలి, తరువాతి వాక్యాలలో ఉదాహరణ లేదా కారణం చూపాలి, చివర ప్రశ్నతో ముడివేయాలి. వుజూ గురించిన పేరాలో, దైవప్రవక్త (స) ఒక ముద్ద్, అంటే చిన్న పాత్రెడు నీటితో వుజూ చేసేవారన్న హదీసును పేర్కొని, కుళాయి తిప్పి వదిలేసే మన అలవాటుతో పోల్చవచ్చు. లెక్కలు, తేదీలు గట్టిగా తెలిస్తేనే వ్రాయాలి. సూరా హుజురాత్ 6వ వాక్యం వచ్చిన వార్తను విచారించి నిర్ధారించుకోమంటున్నది. పరీక్ష గదిలో నిర్ధారించుకునే వీలు లేదు కనుక, ఊహించిన అంకె కంటే చూసిన విషయమే మేలు.

ఆరవది ముగింపు. ముందు చెప్పినదే మళ్ళీ చెప్పకూడదు, కొత్త విషయాన్ని ఎత్తుకోకూడదు. "కాబట్టి ఏమి చేయాలి?" అన్నదానికి రెండు మూడు వాక్యాలు చాలు.

గద్వాల చీరలో ఒడలు నూలుది, అంచూ కొంగూ పట్టువి. వాటిని కలిపిన చోటులోనే నేతగాని పనితనం ఉన్నది. పిల్లలు అంచు మెరుపు కోసం ఉపోద్ఘాతంలో పెద్ద మాటలు పేరుస్తారు, నడిమి భాగం పలుచనైపోతుంది. ఒంటిని కప్పేది నడిమి భాగమే అని వారికి గుర్తుచేయండి.

చివరగా ఐదు నిమిషాలు మిగుల్చుకొని, వ్రాసినది ఒకసారి పెదవులు కదుపుతూ చదువుకోవాలి. ఊపిరి చాలని వాక్యాన్ని రెండుగా విరవాలి.

ఇంటిలో చేయవలసినది

అబ్బాకు, అమ్మీకి తెలుగు చదవడం రాకపోయినా ఈ పనిలో సహాయం చేయగలరు. వారానికి ఒక రోజు ఇషా నమాజు తరువాత పిల్లలను ఒక విషయం అడగండి. పని కోసం ముంబయికో, పుణేకో వలస వెళ్ళివచ్చిన చిన్నాన్న అక్కడ ఎట్లా గడిపాడు? సంతలో ధర ఎందుకు పడిపోయింది? పిల్లవాడు ఉర్దూలో చెప్పినా సరే, "ముందు ఏమి జరిగింది? నీకు ఎట్లా తెలుసు? అయితే ఏమి చేయాలి?" అని మూడు ప్రశ్నలు వేయండి. ఆ మూడింటికీ వరుసగా జవాబు చెప్పగలిగినవాడు మరునాడు దానినే తెలుగులో ఒక పుట వ్రాయగలుగుతాడు. తప్పులు పంతులు గారు దిద్దుతారు. ఆలోచన మాత్రం పిల్లవానిదే అయి ఉండాలి.

ఆడపిల్లల విషయంలో ఇది మరింత అవసరం. ఎన్నో ఇళ్లలో రేషన్ కార్డుకు, ఉపకార వేతనానికి, పింఛనుకు కాగితం వ్రాయవలసి వచ్చినప్పుడు బడికి వెళ్ళే ఆడపిల్లనే పిలుస్తారు. సోమవారం కలెక్టరేటులో ప్రజావాణికి తీసుకొని వెళ్ళే అర్జీ కూడా ఒక చిన్న వ్యాసమే: మేము ఎవరము, ఏమి జరిగింది, రుజువు ఏమిటి, మా విన్నపం ఏమిటి. దానిని ఇతరుల చేత వ్రాయించుకొనే కుటుంబం తన మాటను ఇతరుల నోట పెట్టినట్లే. కాగితంలో ఏమి వ్రాసి ఉన్నదో తెలియకుండా వేలిముద్ర వేసిన వారి నష్టాలు మన పెద్దలకు తెలియనివి కావు. తెలుగు వ్యాసం నేర్చిన బిడ్డ ఆ ఇంటికి సొంత నోరు తెచ్చిపెడుతుంది.

కలం ద్వారా మానవునికి తెలియనిది నేర్పిన అల్లాహ్, మన పిల్లల కలాలకు సత్యాన్నీ, స్పష్టతనూ ప్రసాదించుగాక! ఆమీన్.