కొత్త కైతలేవి సార్?

కవులకు శాలువాలు కప్పెటందుకు ప్రభుత్వాలున్నయి. ప్రశ్న అడిగెటందుకు ఎవరున్నరు?

మొన్న ఆదివారం ఒక జిల్లా కేంద్రంలో పుస్తకాల దుకాణంలోనే కవులు కూడిన్రు. వేదిక లేదు, ఫ్లెక్సీ లేదు. గైడ్ల కట్టలు మూలకు జరిపి, ప్లాస్టిక్ కుర్చీలు వేసుకొని పాతికమంది కూర్చున్నరు. ఉద్యమంలో పేరున్న ఒక కవి సకల జనుల సమ్మె మీద రాసింది చదివిండు. 2011లో 42 రోజులు దఫ్తర్లు, బస్సులు, బొగ్గు బాయిలు బందుపెట్టిన సమ్మె. చప్పట్లు బాగనే పడ్డయి. వెనక నుంచి డిగ్రీ చదివే పిల్ల లేచి, "బాగుంది సార్. 2014 తర్వాత రాసిన కైతలేవి?" అన్నది.

కవి జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్న ఆయన ఒక్కడికే కాదు, పాటతో, కైతతో రాష్ట్రం తెచ్చుకున్న మనందరికీ తగులుతది. 2017లో ఇందిరాపార్కు ధర్నాచౌక్ మూసేస్తే ఎంతమందిమి కలం పట్టినం? 2019లో ఆర్టీసీ కార్మికులు 52 రోజులు సమ్మె చేస్తే, 2011లో వాళ్ల పక్కన బైఠాయించిన కవులు ఎందరు శిబిరాలకు పోయిన్రు? పోయినవాళ్లు ఉన్నరు, వాళ్లకు శనార్తులు. అవార్డుల జాబితాలో పేరు వెతుక్కుంటూ కూర్చున్నోళ్లూ మనవాళ్లే. 2023లో ప్రభుత్వం మారింది, ఆ వెతుకులాట మారలేదు.

సర్కారీ కవిసమ్మేళనంలో ఇట్లాంటి ప్రశ్న పుట్టదు. ముఖ్య అతిథి వచ్చేదాకా కవే ఎదురుచూడాలె. దుకాణంలో వినేటోడు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంటడు.

పుస్తకానికీ కొట్లాటకూ చుట్టరికం మనకు కొత్త కాదు. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాల మూట మోసుకుంట ఊరూరు తిరిగి అమ్మిండు. నిజామాబాద్ జైలు గోడ మీద దాశరథి బొగ్గుతో పద్యాలు రాస్తుంటే తోడున్న ఖైదీ ఆయనే. 1949లో అచ్చయిన 'అగ్నిధార'ను దాశరథి ఈ మూట మోసిన మనిషికే అంకితమిచ్చిండు. (అదే దాశరథి 1977లో ఆస్థానకవి అయిండు. అది వేరే ముచ్చట. జనానికి యాదున్నది మాత్రం జైలుగోడ.) కాళోజీ అయితే 1978లో సత్తుపల్లిల ముఖ్యమంత్రి జలగం వెంగళరావు మీదనే పోటీకి నిలబడ్డడు, ఓడిండు. ఇయ్యాల ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9న సర్కారే భాషా దినోత్సవం చేస్తున్నది, ఆయన పేర అవార్డు ఇస్తున్నది. అవార్డు అందుకునే చేతులకు సత్తుపల్లి యాదుంటే మంచిది.

ఇగ దుకాణపాయన బాధ చూడాలె. పోటీ పరీక్షల గైడ్లు అమ్మితేనే ఆయనకు కిరాయి ఎల్లుతది. కవిత్వం అడుగు అరలోకి పోతది. కవులేమో సొంత పైసలతో అచ్చేసి ఉత్తగనే పంచుతున్నరు. ఆ ఆదివారం పాతికమందిలో పుస్తకం కొన్నది నలుగురే. ఒకటో తారీఖున జీతం తీసుకునే మన ఉద్యోగ మిత్రులు ఈ లెక్క చూసి సిగ్గుపడాలె.

ప్రతి పట్టణంలో నెలకో ఆదివారం ఇట్లాంటి సభ పెట్టుకుందాం. చదివేటోళ్లు ఈ ఏడాది రాసింది ఒక్కటన్నా చదవాలె. వినేటోళ్లు ఒక్క పుస్తకమన్నా కొనాలె. ముఖ్య అతిథిని పిలువొద్దు.